కథల గంటకు బొమ్మల వరుస బోర్డు: చాలాకాలం వాడాక

ఆటిజం ఉన్న పిల్లలూ లైబ్రరీ కథల గంటకు రావాలని మేం సమకూర్చుకున్న సామానంతటిలో బాగా పనికొచ్చింది, ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలతో చూపే ఈ బోర్డే. ఎ3 సైజు ఫోమ్ బోర్డు, నిలువుగా వెల్క్రో పట్టీ, అరచేతి సైజు బొమ్మ కార్డులు ఆరు: పలకరింపు పాట, కథ, గెంతులాట, ఇంకో కథ, రంగులు, ఇంటికి. అడుగున ‘అయిపోయింది’ అని రాసిన కవరు.

ఒక్కో పని కాగానే దాని కార్డు కవరులోకి వెళ్లాలి. తర్వాత ఏమొస్తుందో, ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోతే చాలామంది పిల్లలు బెంబేలెత్తిపోతారు. కథ చెప్పే ఊపులో ఉన్నవాళ్లు కార్డు తీయడం మరిచిపోతారు, పిల్లలు బోర్డును నమ్మడం మానేస్తారు. అందుకే ఆ పని రెండో మనిషికి అప్పగించండి.

మెరిసే లామినేషన్ మీద ట్యూబ్‌లైటు పడితే బొమ్మ కనపడదు, మ్యాట్ చేయించండి. వెల్క్రో చర్రుమని ఊడే చప్పుడు కొందరు పిల్లలు భరించలేరు. వాళ్లుంటే ఇనుప పలక, కార్డు వెనక అతికే అయస్కాంతపు షీటు వాడాలి. గుండీల్లాంటి చిన్న అయస్కాంతాలు మాత్రం వద్దే వద్దు, మింగితే ప్రాణాపాయం. కార్టూన్ బొమ్మలకంటే మీ గది, మీ చాప ఫొటోలే మేలు. ‘మార్పు’ అని ఏడో కార్డు ఒకటి ఉండాలి. కరెంటు పోయినా, కథ చెప్పేవాళ్లు మారినా ముందు అదే చూపించాలి.

బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది అడిగే పెక్స్ పద్ధతి నేర్చుకున్న పిల్లల సంచిలో సొంత కార్డుల పుస్తకం ఉంటుంది. అది వాళ్లు అడగడానికి, మన బోర్డు మనం చెప్పడానికి. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టించడమంటే బిడ్డ నోరు మూయించడమే.

చప్పుడు తగ్గేలా చెవులకు పెట్టుకునే మఫ్‌లు రెండు మూడు జతలు అందేచోట ఉంచితే చాలు, బలవంతంగా తొడగొద్దు. సమయం గడిచేకొద్దీ ఎర్ర పలక తరిగే టైమరు మంచిదే, బీప్ ఆపేయగలిగితేనే.

తల్లిదండ్రులకు రెండు రోజుల ముందే గేటు, చెప్పులు విడిచే చోటు, గది, టాయిలెట్ ఫొటోలు వాట్సాప్‌లో పంపండి. ‘లేచి తిరగొచ్చు, బయటికెళ్లి మళ్లీ రావొచ్చు’ అని మొదటే అందరి ముందూ చెప్పండి. ఆ మాట చెప్పకపోతే అమ్మానాన్నలు బిడ్డను ఊరుకోబెట్టడంలోనే అలసిపోతారు.

లోపమల్లా ఒకటే, పదిమంది దాటితే వెనకవాళ్లకు బోర్డు ఆనదు. తలుపు దగ్గర కూర్చునే పిల్లలకు అదే వరుసతో ఎ4 కాగితం విడిగా ఇవ్వాలి, పక్కనున్న పెద్దవాళ్లు ఒక్కో పనీ కొట్టేస్తూ పోవాలి.