ముందు మొర పెట్టాలా, ముందు అడుగు వేయాలా?

ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులకి వెనక ఫరో రథాలు, ముందు సముద్రం. బైబిల్లోని నిర్గమకాండం 14వ అధ్యాయంలో దేవుడు మోషేతో అన్న మాట ఇది: "నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి అని ఇశ్రాయేలీయులతో చెప్పుము." విచిత్రం ఏమిటంటే, అంతకుముందు మోషే మొర పెట్టినట్టు ఎక్కడా లేదు. మొర పెట్టింది జనం. అందుకే మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా ఈ మాట మోషేకి చెప్పినా నిజానికి జనం గురించే అన్నాడు. అతనికన్నా ముందువాడైన, ఫ్రాన్సులోని ట్రువాకి చెందిన వ్యాఖ్యాత రాషీ (1040–1105) మాత్రం అలా చదవలేదు. మోషే నిలబడి ప్రార్థిస్తున్నాడని ఈ వచనమే చెబుతోంది, ఇశ్రాయేలు ఆపదలో ఉంటే ప్రార్థన సాగదీసే వేళ కాదని దేవుడు ఆపాడు అంటాడు.

యూదు రబ్బీల (మతగురువుల) చర్చల సంకలనం తల్మూదు. అందులోని సోతా భాగం ఇక్కడే ఇంకొకరిని తెస్తుంది. రబ్బీ మెయిర్ లెక్కలో గోత్రాలన్నీ నేను ముందంటే నేను ముందని పోటీ పడ్డాయి. రబ్బీ యెహూదా, అలా జరగలేదు, ప్రతివాడూ "నేను ముందు దిగను" అన్నాడంటాడు. మనుషుల్ని చూసినవాళ్లెవరైనా రెండో మాటే నమ్ముతారు! అప్పుడు యూదా గోత్రపు నాయకుడు, అమ్మీనాదాబు కొడుకు నయస్సోను నీళ్లలోకి దూకేశాడు. అటు మోషే ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాడు. నా ప్రియులు మునిగిపోతుంటే నువ్వు ప్రార్థన పొడిగిస్తావా అని దేవుడు అడిగితే, మరి నేనేం చేయను అన్నాడట మోషే. "సాగిపోవుడి" అన్న ఆజ్ఞ ఈ కథలో అప్పుడు వస్తుంది. అంటే నయస్సోను ఆజ్ఞ వినకముందే దిగాడు.

ఇంతకీ, ప్రార్థన కన్నా పని గొప్పదనేనా? ఆ తీర్పు తొందరపాటే. నీళ్లలో ఉన్న నయస్సోను నోట తల్మూదు పెట్టిన మాటలు 69వ కీర్తనవి: జలములు నా ప్రాణం మీద పొర్లుతున్నాయి, నన్ను రక్షించు అని. దూకినవాడూ ప్రార్థించాడు, కాకపోతే తడిసి ప్రార్థించాడు. నిర్గమకాండం మీద పాత రబ్బీల వ్యాఖ్య అయిన మెఖిల్తాలో రబ్బీ ఎలియెజెరు తేడాని నిడివిలో చూశాడు. జబ్బుపడ్డ అక్క మిర్యాము కోసం మోషే చేసిన ప్రార్థన హీబ్రూలో 5 మాటలే. జనం బంగారు దూడను పూజించిన తర్వాత మాత్రం 40 పగళ్లు, 40 రాత్రులు. పొడిగించే వేళ ఒకటి, కుదించే వేళ ఒకటి అంటాడు.

ఇశ్రాయేలీయుల మూలపురుషుడు యాకోబు దారి వేరు. తన మీద పగబట్టిన అన్న ఏశావు 400 మందితో వస్తున్నాడని తెలిసి టెన్షన్ పడ్డాడు. గుంపును రెండుగా విడగొట్టాడు, ప్రార్థించాడు, మేకలు, గొర్రెలు, ఒంటెలు మందలు మందలుగా కానుక పంపాడు. కానుక, ప్రార్థన, యుద్ధం, మూడింటికీ సిద్ధపడ్డాడని రాషీ. తన నీతి మీద భరోసా పెట్టుకోకుండా చేతనైనదంతా చేశాడని మెచ్చుకున్న మరో వ్యాఖ్యాత రంబాన్ (1194–1270), పాత రబ్బీల ఎత్తిపొడుపునూ దాచలేదు: తన దారిన పోయే ఏశావుకి యాకోబు ముందుగా కబురంపడం కుక్క చెవులు పట్టుకుని ఆపద కొనితెచ్చుకోవడమేనట.

నా ఓటు మామూలు రోజుల్లో యాకోబుకే. ఒక రాత్రి చేతిలో ఉంటే మందలు లెక్కపెట్టుకోవచ్చు, దేవుణ్నీ అడగొచ్చు. నయస్సోనుకి ఆ రాత్రి లేదు. రథాల చప్పుడు వినపడుతున్నప్పుడు యాకోబులా మూడు ఏర్పాట్లు చేసుకుంటూ కూర్చుంటే ఏర్పాట్లే మిగులుతాయి. అయినా ఒక సందేహం నన్ను వదలదు: సముద్రం చీలకపోయి ఉంటే, ఆజ్ఞ లేకుండా దూకినవాణ్ని ఇదే తల్మూదు ఏమని ఉండేది?