ఫ్రీఫైల్‌సింక్ పోర్టబుల్: పర్లాకిమిడి డీటీపీ షాపులకు పనికొస్తుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు డీటీపీ షాపుల్లో తెలుగు శుభలేఖ, ఒడియా కరపత్రం ఒకే సిస్టంలో తయారవుతాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం సర్వీసు కుర్రాడి దగ్గరే ఉండిపోతుంది. అలాంటి చోట ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బయటి డిస్క్‌లోంచే నడిచే బ్యాకప్‌గా ఫ్రీఫైల్‌సింక్ పోర్టబుల్ బాగా పనికొస్తుంది. ప్రోగ్రాం ఉచితమే గానీ, పోర్టబుల్ రూపం విరాళం ఇచ్చినవాళ్లకి వచ్చే ఎడిషన్‌లోనే ఉంటుంది.

ముందు డిస్క్ సంగతి చూసుకోవాలి. డిస్క్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ ఉన్న పెళ్లి వీడియో ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఎక్కుతుంది గానీ దానికి జర్నల్ (డిస్క్‌లో మార్పుల చిట్టా) లేదు, కరెంటు పోయే ఊళ్లలో అది ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఈ ప్రోగ్రాం ప్రతి ఫైలునీ తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. అందుకే మధ్యలో ఆగినా పాత కాపీ చెడదు.

ఎడమవైపు షాపు ఫోల్డర్, కుడివైపు డిస్క్ పెట్టండి. విండోస్ డిస్క్‌కి ఇచ్చే అక్షరం ఈరోజు E, రేపు F అవుతుంది కాబట్టి దాని బదులు డిస్క్ పేరును చదరపు బ్రాకెట్లలో రాయండి. పద్ధతి మిర్రర్, అంటే కుడివైపుని ఎడమవైపులాగే మార్చేది. ఇందులో ఎడమవైపు తీసేసింది కుడివైపూ పోతుంది, అందుకని డిలీట్ దగ్గర వెర్షనింగ్ (తీసేసిన, మారిన పాత ఫైళ్లని దాచే పద్ధతి) ఎంచుకుని వేరే ఫోల్డర్ చూపించాలి. ఇది పెట్టకుండా మిర్రర్ నడపొద్దు. రెండు వైపులనీ పోల్చే కంపేర్ నొక్కాక డిలీట్ అంకె పెద్దగా కనిపిస్తే, చాలాసార్లు రెండు వైపులూ తారుమారైనట్టే.

తెరిచి ఉన్న ఫైళ్ల దగ్గరే ఇబ్బంది. వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉండి లాకైన ఫైలు కాపీ కావాలంటే, ఆ క్షణపు నకలు తీసే విండోస్ షాడో కాపీ వాడాలి, దానికి అడ్మిన్ హక్కు తప్పదు. అది లేనప్పుడు పేజ్‌మేకర్, టాలీ మూసేసి నడపడమే దారి. డిస్క్ పెట్టి నొక్కే మనిషి కూడా ఉండాలి, దానంతటది రాత్రిపూట నడవదు.

చాలామంది వదిలేసేది ఫాంట్లు. అను, ఆకృతి ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు ఆ ఫాంట్లు లేని సిస్టంలో పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా తెరుచుకుంటాయి. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌తో పాటు, యూజర్ యాప్‌డేటాలో (ఆ యూజర్ సెట్టింగులు ఉండే ఫోల్డర్‌లో) విడిగా ఎక్కినవీ కాపీ జాబితాలో చేర్చాలి. అను కీబోర్డ్ సెటప్ ఫైలు కూడా అక్కడే దాచండి.

విరాళం వద్దనుకుంటే ఆదేశం టైపు చేసి ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ ఉంది. విస్తా నుంచీ విండోస్‌లోనే వస్తోంది, బటన్లు నొక్కే తెర లేదు, వెర్షనింగూ లేదు. ముందు ఆదేశం చివర ఎల్ స్విచ్ (/L) పెట్టి, కాపీ కాకుండా జాబితా మాత్రం చూసుకోండి. ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే ఆర్ (/R), మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే డబ్ల్యూ (/W) స్విచ్‌లకి చిన్న అంకెలు తప్పనిసరి: వదిలేస్తే లాకైన ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది.