అమ్మ మోకాలి ఆపరేషన్: రోబోకి మూడు స్టార్లు, ఫిజియో పిల్లకి ఐదు

ముందే చెప్తున్నా, హాస్పిటల్ పేరు రాయట్లేదు. డాక్టర్ గారు మంచోరు, పని బాగా చేశారు, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళ వల్ల ఆయన పేరు బజారున పడటం నాకిష్టం లేదు. పైగా ఇప్పుడు సిటీలో చాలా పెద్ద హాస్పిటళ్ళలో లిఫ్ట్ పక్కనే రోబో బొమ్మ అతికించి ఉంటోంది కాబట్టి, మీరు ఎక్కడికెళ్ళినా ఇది పనికొస్తుందనే రాస్తున్నా.

మా అమ్మకి 67. మల్కాజ్‌గిరిలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఐదారేళ్ళుగా మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయి దొడ్డికాళ్ళు వచ్చేశాయి. కూరగాయల బండి కిందకొస్తే పైనుంచి తాడుకి బుట్ట కట్టి దింపేది, టమాటాలు మెత్తగా ఉంటే అక్కణ్ణుంచే అరిచేది. నూనెలు రాసింది, పట్టీలు వేసింది, గుజ్జు పెరిగే మందంట అని ఎవరో చెప్తే ఆరు నెలలు పొడి తాగింది. చివరికి పోయిన జూన్‌లో రాత్రి బాత్రూంకి లేవలేక గోడ పట్టుకుని ఏడ్చింది, అప్పుడు డిసైడ్ అయ్యాం.

మన దగ్గర అందరూ చిప్పలు మార్చడం అంటారు గానీ చిప్ప తీసి వేరే చిప్ప పెట్టరు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం ఒక 8–10 మిల్లీమీటర్లు కోసి రెండిటికీ లోహపు తొడుగులు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క. పన్నుకి క్యాప్ వేసినట్టు అని డాక్టర్ గారు చెప్తే అమ్మకి టక్కున అర్థమైంది. ఎన్నేళ్ళు వస్తుంది సార్ అంటే ఇరవై పైనే అన్నారు. ఇంటికొచ్చి నేను వెతికితే 2019లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వచ్చిన లెక్క దొరికింది, మొత్తం మోకాలు మార్చినవాళ్ళలో దాదాపు 82 శాతం మందికి 25 ఏళ్ళ తర్వాత కూడా అదే నడుస్తోందంట. ఈ విషయంలో ఆయన ఎక్కువేం చెప్పలేదు.

ఎక్కువ చెప్పింది కోఆర్డినేటర్. డాక్టర్ రూమ్‌లోంచి బయటకి రాగానే ఏసీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి టీ ఇచ్చి ఒక కార్డు చూపించాడు, పెళ్ళి భోజనాల మెనూ లాగే ఉంది. మామూలు మోకాలు, హై ఫ్లెక్స్ మోకాలు (అంటే ఎక్కువ వంగేదంట), గోల్డ్ మోకాలు. గోల్డ్ అంటే పైన బంగారు రంగులో మెరిసే కోటింగ్, అంతే, బంగారం కాదు. "గోల్డ్ అయితే ముప్పై ఏళ్ళు మేడమ్, మీ అబ్బాయి అమెరికా నుంచి వచ్చాడా?" అన్నాడు. నేను మల్కాజ్‌గిరి నుంచే వచ్చా. అమ్మ కార్డు వెనక్కి తోసి "బంగారం మెడల ఏసుకుంటరు గానీ మోకాల్ల ఎందుకు బిడ్డా, ఎవలకు చూపియ్యాలె" అంది. నాకు ఇంకేం మాట్లాడే పని లేకుండా పోయింది.

ఇక్కడ ఒక విషయం తెలుసుకుని వెళ్ళండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి, అంటే లోపల పెట్టే ఆ తొడుగుల సెట్టుకి, సీలింగ్ రేటు పెట్టింది, అంతకు మించి అమ్మకూడదని. అంతకుముందు ఒకటిన్నర లక్ష పైన అమ్మిన కోబాల్ట్ క్రోమియం సెట్టు అప్పుడు 54,720 రూపాయలకి దిగింది, టైటానియం లాంటి స్పెషల్ లోహాలవి 76,600, పైన జీఎస్టీ. తర్వాత రేట్లు కొంచెం అటూఇటూ అయ్యాయి గానీ సీలింగ్ అనేది కొనసాగుతూ వచ్చింది. కాకపోతే అది ఇంప్లాంట్‌కి మాత్రమే, ఆపరేషన్ ఛార్జీకి, రూమ్‌కి, రోబోకి కాదు, అందుకే తగ్గింది అక్కడ తగ్గితే పెరిగేది ఇంకోచోట పెరుగుతుంది. బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, రేటు విడిగా చూపించాలి. మాకిచ్చిన మొదటి బిల్లులో "ప్యాకేజ్" అని ఒకటే లైను. విడిగా రాసివ్వమంటే సిస్టమ్‌లో ఆప్షన్ లేదన్నారు, లేదంటే లేదని ఒక లెటర్ రాసివ్వండి అన్నాను, నలభై నిమిషాల్లో ఆప్షన్ పుట్టుకొచ్చింది. డిశ్చార్జ్ ఫైల్లో ఇంప్లాంట్ డబ్బా స్టిక్కర్లు అతికించారో లేదో కూడా చూస్కోండి, ఎప్పుడైనా మళ్ళీ తెరవాల్సి వస్తే లోపలున్నది ఏ సైజు, ఏ కంపెనీ అనేది వాటిని బట్టే తెలుస్తుంది.

ఇప్పుడు రోబో సంగతి. రోబో అంటే అమ్మ ఒక మనిషి బొమ్మ కత్తి పట్టుకుని వస్తుందనుకుంది, నేనూ ఇంచుమించు అంతే అనుకున్నా. అదేం కాదు. ముందురోజు సీటీ స్కాన్ తీసి కంప్యూటర్‌లో ఆ మోకాలి నమూనా తయారు చేసుకుంటారు, ఎక్కడ ఎంత కోయాలో అక్కడే ఫిక్స్ చేస్తారు, ఆపరేషన్‌లో రంపం పట్టేది డాక్టరే, గీత దాటి పోబోతే ఆ మిషన్ చెయ్యి ఆపేస్తుంది. బాగుంది, కోత కరెక్ట్‌గా వస్తుంది, ఎక్స్‌రేలో కాలు స్కేలు పెట్టి గీసినట్టుంది. కానీ చెయ్యి తిరిగిన డాక్టర్ మామూలుగా చేసినదానికీ దీనికీ ఏళ్ళు గడిచాక పేషెంట్ నొప్పిలో, నడకలో పెద్ద తేడా కనిపించలేదని చాలా స్టడీలు చెప్తున్నాయి, ఈ మాట ఆ ఏసీ క్యాబిన్‌లో ఎవరూ చెప్పరు. మాకు రోబోకని 60 వేలు ఎక్స్‌ట్రా పడింది, అందులో ఇన్సూరెన్స్ వాళ్ళు సగమే ఇచ్చారు, పాలసీలో రోబోటిక్ సర్జరీకి లిమిట్ ఉందని మాకు డిశ్చార్జ్ రోజే తెలిసింది. మీరు ముందే ఫోన్ చేసి అడగండి.

ఇంకోటి, కట్టు విప్పాక పెద్ద కుట్టు కాకుండా పైన తొడ మీద, కింద కాలి మీద చిన్న చిన్న గాట్లు కనిపించాయి. అమ్మ భయపడిపోయింది, నర్సుకి తెలీదు. తీరా చూస్తే రోబోకి ఎముక ఎక్కడుందో తెలియడానికి గుర్తులు బిగిస్తారంట, వాటి పిన్నులు గుచ్చిన చోట్లు. ముందే ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది.

ఆపరేషన్ జరిగిన రెండు గంటలూ బయట బాబాయి నా పక్కనే కూర్చున్నాడు. బాబాయికి చిన్నప్పుడు పోలియో, ఎడమ కాలికి కాలిపర్, అంటే నడవడానికి కాలికి బిగించుకునే ఊత. ఆయన మొదట్నుంచీ బొక్కల దవాఖానకే పోదాం అన్నాడు, అంటే నిమ్స్. పంజాగుట్టలో ఉన్న నిమ్స్ 1960ల్లో నిజాం ట్రస్ట్ డబ్బుతో ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది, ఆయన వయసువాళ్ళకి ఇప్పటికీ అదే పేరు. మాకు ఆఫీస్ ఇన్సూరెన్స్ ఉంది, ఇంటికి దగ్గరగా క్యాష్‌లెస్ దొరికింది కాబట్టి ఇటొచ్చాం, దానికి ఆయన కొంచెం అలిగాడు కూడా. గోడ మీద రోబో పోస్టర్ వైపు చూసి ప్యాంటు పైకి లాగి కాలిపర్ మీద వేలితో టకటక కొట్టి "ఇది మిసైల్ రా" అన్నాడు. నాకు తెలిసిన కథే కానీ మళ్ళీ విన్నా. కలాం గారు హైదరాబాద్‌లో మిసైల్ ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టర్ ల్యాబ్ చూడ్డానికి వెళ్ళి, అగ్ని మిసైల్ కోసం చేసిన కాంపోజిట్ (తేలికగా, గట్టిగా ఉండే మెటీరియల్) ముక్కని చేత్తో లేపి చూశాడంట, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి కలాం గారిని తీసుకెళ్ళి వార్డులో పిల్లల్ని చూపించాడు, ఒక్కొక్కరూ మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. తన జీవితంలో పెద్ద ఆనందాల్లో అదొకటని కలాం గారే చాలాసార్లు చెప్పుకున్నారు. బాబాయి అయితే ఆ రెండు బరువులూ మోసినవాడు, "పాతది ఇప్పితే రాత్రి కాలు గాల్ల తేలినట్టుండేది, ఇది ఏసుకుని నిద్రవోయిన దినాలు కూడా ఉన్నయ్" అన్నాడు. ఆపరేషన్ థియేటర్ లైటు ఆరిపోయేదాకా కాలిపర్ మీద చెయ్యి తియ్యలేదు.

నిజం చెప్పాలంటే అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. ఆపరేషన్ అయిన సాయంత్రమే వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయించారు, మూడో రోజు డిశ్చార్జ్. చేతిలో ఒక ఎక్సర్‌సైజుల కాగితం పెట్టారు, అదీ ఇంగ్లీషులో, బొమ్మలో ఉన్నది తెల్లామె. వార్డులో నర్సు మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది, అమ్మకి హాయిగా ఉండేది, మేమూ ఇంట్లో అదే కంటిన్యూ చేశాం. ఐదు రోజులకి కాలు వంగట్లేదు, అంతకంటే ఘోరం, పూర్తిగా చాచుకోవట్లేదు. ఫోన్ చేస్తే రివ్యూ డేట్‌కి రండి అన్నారు.

అప్పుడు కింది ఫ్లాట్ ఆంటీ ఒక ఫిజియో పిల్ల నంబర్ ఇచ్చింది, ఆవిడకి రెండు మోకాళ్ళు అయ్యాయి. ఉప్పల్ నుంచి స్కూటీ మీద వస్తుంది, విజిట్‌కి 500. లోపలికి రాగానే మంచం దగ్గరకెళ్ళి మొట్టమొదట చేసిన పని ఆ దిండు లాగి కుర్చీ మీదకి విసిరేయడం. "దిండు పెట్టుకుంటే మోకాలు వంకరలోనే బిగుసుకుపోతుంది ఆంటీ" అని టవల్ చుట్ట చుట్టి మడమ కింద పెట్టింది, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే కిందకి దిగాలి. పది నిమిషాలు. అమ్మ నా పేరు, నాన్న పేరు, చచ్చిపోయిన మా నాయనమ్మ పేరు అన్నీ పిలిచింది.

బ్యాగులోంచి కోణమానిని తీసి మోకాలు ఎంత వంగుతోందో కొలిచింది, మన స్కూల్ జామెట్రీ బాక్సులో ఉండేదానికి చేతులొచ్చినట్టుంటుంది. 62 డిగ్రీలు. మెట్లెక్కాలంటే 90 దాకా కావాలి, సోఫాలోంచి చేతులు పెట్టకుండా లేవాలంటే 105 అని చెప్పి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో 62 రాసింది. మర్నాడు 66. రోజూ ఆ పిల్ల వెళ్ళాక అమ్మ కింది ఆంటీకి ఫోన్ చేసి నంబర్ చెప్పేది, ఆవిడ తనది ఆ రోజుకి ఎంతో చెప్పేది, మా కాలనీలో ఇంకో ముగ్గురు మోకాళ్ళవాళ్ళు ఉన్నారంట, అందరి నంబర్లూ అందరికీ తెలుసు. ఒకరోజు అమ్మ నేనే కొలుచుకున్నా 85 వచ్చింది అని చెప్పింది, ఆ పిల్ల మళ్ళీ పెట్టి చూసి "ఆంటీ, 78. నాతో చీటింగ్ వద్దు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడో వారానికి 108. హాస్పిటల్ వాళ్ళు రివ్యూలో ఎక్స్‌రే చూసి రోబో వల్ల రిజల్ట్ చాలా బాగొచ్చింది అన్నారు. నేనేం అనలేదు.

సామాన్ల గురించి రెండు ముక్కలు. వాకర్ హాస్పిటల్ ఫార్మసీలో 2,600 చెప్పారు, కోఠిలో సర్జికల్ షాపుల లైన్లో అలాంటిదే 1,100కి తెచ్చా. కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు ఆపరేషన్‌కి ముందే కొని బిగించండి, మేము డిశ్చార్జ్ రోజు రాత్రి పరిగెత్తాం. ఐస్ ప్యాక్ కొనక్కర్లేదు, కవర్లో ఐస్ ముక్కలు వేసి తువ్వాలు చుడితే అదే పని. పాదాలు పైకీ కిందకీ ఆడించే ఎక్సర్‌సైజ్ మాత్రం చాదస్తం అనుకోకండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా అదీ, వాళ్ళిచ్చే మాత్రా రెండూ ముఖ్యం. కింద చాప మీద కూర్చోవద్దన్నారు, పూజకి కుర్చీ వేసుకుంటోంది, దానికి మాత్రం రోజూ సణుగుతుంది.

మొత్తం రెండు లక్షల 90 వేల చిల్లర అయింది, ఫిజియోకి ఇరవై రెండు విజిట్లు, 11 వేలు. ఆ 11 వేలకి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు.

కుడి మోకాలు ఇంకా ఉంది. మొన్న రివ్యూలో కోఆర్డినేటర్ మళ్ళీ కార్డు తీశాడు, సెకండ్ నీకి డిస్కౌంట్ అంట, జనవరిలో చేయించేద్దామా మేడమ్ అన్నాడు. అమ్మ కార్డు వైపు చూడనే లేదు, నా వైపు తిరిగి "ఆ పిల్లకి ఫోన్ కొట్టు, జనవరిల పెండ్లి అని చెప్పింది, లీవుల ఉంటదేమో కనుక్కో. ఆమె లేకుంటే మార్చిల జూద్దం" అంది.