వేయి స్తంభాల గుడి పక్క ఇంటికి ఎన్‌ఓసీ: కొన్నేళ్ళు వాడాక నా సమీక్ష

హన్మకొండలో వేయి స్తంభాల గుడి దగ్గర మాకు రెండిళ్ళున్నాయి. బాపు కట్టిన పాత ఇల్లు గుడి హద్దుకు వంద మీటర్ల లోపలే ఉంటుంది. తమ్ముడి ఇల్లు రెండు గల్లీల అవతల, వంద దాటి మూడు వందల లోపల. స్లాబు పెచ్చులూడినా, పైన గది వేయాలన్నా మాకు బల్దియా (నగరపాలక సంస్థ) అనుమతి ఒక్కటే సరిపోదు, పురాతన కట్టడాల చుట్టుపక్కల నిర్మాణాలను చూసే కేంద్ర సంస్థ నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ సిఫారసు మీద వచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి. దాని ఆన్‌లైన్ పద్ధతిని రెండిళ్ళ కోసమూ కొన్నేళ్ళుగా వాడుతున్నాను. వంద మీటర్లు దాటిన వాళ్ళకు ఇది బాగానే పనికొస్తుంది. లోపలున్న వాళ్ళకు మాత్రం చిన్న రిపేరుకు కూడా చాలా ఓపిక కావాలి.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి వంద మీటర్లు నిషేధిత ప్రాంతం. అక్కడ కొత్తగా కట్టడం కుదరదు, ఉన్న ఇంటికి మరమ్మతు మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. ఆ తర్వాతి రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతి తెచ్చుకుని కట్టుకోవచ్చు. గల్లీలో ఎవరినడిగినా గుడి మెట్ల నుంచి అడుగులు లెక్కపెట్టి దూరం చెప్తారు. అది నమ్మొద్దు, లెక్క రక్షిత స్థలం హద్దు నుంచే.

ఈ దూరం తేల్చడానికి ఇస్రో సాయంతో చేసిన స్మారక్ యాప్ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. స్థలం మూలల్లో నిలబడి ఫోన్‌లో లొకేషన్ పాయింట్లు తీసుకోవాలి. పాత ఇంటి వెనక గోడ దగ్గర, పక్కింటి రెండంతస్తుల చాటున, ఫోన్‌లో మా పాయింట్ గోడ దాటి పక్కవాళ్ళ వాకిట్లో పడింది. డాబా ఎక్కి, ఆకాశం కనపడే చోట కాసేపు ఆగి తీస్తే సరిగ్గా కూర్చుంది. వంద మీటర్ల గీతకు దగ్గరగా ఉన్న ఇల్లయితే ఆ కొద్ది మీటర్ల తేడాతో మీకు గది వస్తుందా రాదా అన్నదే మారిపోతుంది. పొద్దున పూట, తొందరపడకుండా తీసుకోండి.

నిషేధిత ప్రాంతంలో అసలు కష్టం ఇంటి వయసు నిరూపించడం. ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉందని చూపాలి. బాపు ట్రంకుపెట్టెలో పాత ఇంటి పన్ను రశీదులు దొరికాయి కానీ వాటి మీద పాత ఇంటి నంబరుంది. ఇప్పటి నంబరు వేరు. రెండూ ఒకే ఇల్లని చూపే కాగితం కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరగడంలోనే ఎక్కువ కాలం పోయింది. కరెంటు కనెక్షన్ కాగితం, పాత దస్తావేజు ఉంటే పారేయకండి. ఇంకో సంగతి, ఇల్లు కూల్చి అదే కొలతలతో మళ్ళీ కట్టడం మరమ్మతు కిందికి రాదు. మేస్త్రీలు "అదే సైజు కదా, ఏం కాదు" అంటారు. చట్టంలో దీనికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

తమ్ముడి ఇంటి పైగది పని సాఫీగా సాగింది. అక్కడ చూసుకోవాల్సింది ఎత్తు. మెట్ల గది, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు అన్నీ కలిపే ఎత్తు లెక్కిస్తారు. డ్రాఫ్ట్స్‌మన్ స్లాబు దాకా వేసిన ఎత్తునే రాసిస్తే ఒప్పుకోకండి. ఎన్‌ఓసీ వచ్చాక బల్దియా అనుమతి తేలికే. బల్దియా ఆన్‌లైన్ పద్ధతిలో 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తుకు స్వీయ ధ్రువీకరణ చాలు.

నాకు నచ్చనిది గడువు. దరఖాస్తు పైకి పంపడానికి 15 రోజులు, అథారిటీ సిఫారసుకు రెండు నెలలు, ఆ పైన నిర్ణయానికి ఒక నెల. అన్నీ సవ్యంగా జరిగినా మూడున్నర నెలలు. ఎండాకాలంలో దరఖాస్తు పెడితే వానలు మొదలయ్యాక కూడా కురుస్తున్న స్లాబు కింద బకెట్లు పెట్టుకోవాల్సిందే. పగులు పూడ్చడం, గచ్చు మార్చడం, ముసలివాళ్ళకు కిందే బాత్రూమ్ సవరించడం లాంటి పనులకు జిల్లా స్థాయిలో పది పదిహేను రోజుల్లో అనుమతి ఇవ్వాలి. ఇంటి ఎత్తూ మారదు, వెడల్పూ మారదు. వీటిని కొత్త కట్టడాలతో పాటు ఒకే వరుసలో నిలబెట్టడం అన్యాయం.

అలాగని హద్దే వద్దనను. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. దాని కళ్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, మళ్ళీ పేర్చి, 2024 మార్చి 8న శివరాత్రికి తెరిచే దాకా ఎన్నేళ్ళు పట్టిందో ఈ ఊరంతా చూసింది. కాకతీయులు ఇసుక నింపిన పునాది మీద బరువు నిలిపారు. పక్కనే సెల్లార్లు తవ్వితే ఆ ఇసుక కదలదని ఎవరు హామీ ఇస్తారు?

వంద దాటి ఉన్నవాళ్ళు దళారీ లేకుండా దరఖాస్తు సొంతంగా వేసుకోవచ్చు. వంద లోపల ఉన్నవాళ్ళు 1992 రుజువు చేతికొచ్చేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.