స్టేషనా, ల్యాబా, లీగల్ ఎయిడా: క్రిమినాలజీ విద్యార్థికి ఏది మేలు?

పోయిన వారం సూళ్లూరుపేట నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మద్రాసు యూనివర్సిటీలో క్రిమినాలజీ (నేరశాస్త్రం) ఎం.ఏ. చదువుతోంది, రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చిపోతుంది. "అక్కా, సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఒక పోలీస్ స్టేషన్‌లో ఒప్పుకునేట్టున్నారు. ఫోరెన్సిక్ ల్యాబ్‌కి లెటర్ పెట్టమని సీనియర్లు అంటున్నారు. లీగల్ ఎయిడ్‌కి, అంటే లాయర్‌ని పెట్టుకోలేనివాళ్లకి ఉచితంగా న్యాయ సహాయం చేసే చోటికి వెళ్లమని మా మేడమ్ చెప్తున్నారు. ఏది మేలు?" అని అడిగింది. చెన్నైలో ఇదే చదువు చదివి, ఈ మూడు చోట్లా కొన్నాళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ల్యాబ్ సంగతి ముందు చెప్పేస్తాను. మైలాపూర్‌లో, బీచ్ రోడ్డు మీదే రాష్ట్ర ఫోరెన్సిక్ శాఖ ఉంది. 1849లో మద్రాసులో పెట్టిన కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్ నుంచి వస్తున్న పరంపర అది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి; రాష్ట్రాలు ఐదేళ్లలోగా దీన్ని అమల్లోకి తేవాలి. అంటే ఈ పనికి ముందు ముందు గిరాకీ పెరుగుతుంది. డిగ్రీలో కెమిస్ట్రీ, జువాలజీ లాంటివి చదివినవాళ్లు కళ్లు మూసుకుని దీనికే వెళ్లొచ్చు. సోషియాలజీ నుంచో బీకామ్ నుంచో వచ్చినవాళ్లకి మాత్రం దూరం నుంచి చూడటమే మిగులుతుంది. కేసు శాంపిల్స్ విద్యార్థుల చేతికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. సీలు ఎందుకు వేస్తారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఎందుకు రాసుకుంటారు అన్నది బాగా తెలుస్తుంది. నాకు మూడో రోజుకే తెలిసిపోయింది.

స్టేషన్ అలా కాదు. అక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నగరంలోని ఒక స్టేషన్‌లో నేను పదిహేను రోజులు కూర్చున్నాను. ఐదో రోజు అనుకుంటా, ఒక పెద్దావిడ గొలుసు పోయిందని వచ్చింది. వెనక నుంచి తోశాడు, పడ్డాను అంటూ మోచెయ్యి చూపించింది. చర్మం లేచిపోయి ఉంది. రైటర్ (స్టేషన్‌లో కాగితాలు రాసే పోలీసు) రాసి చదివి వినిపించిన ఫిర్యాదులో "గొలుసు లాక్కుని వెళ్లాడు" అని ఉంది తప్ప, తోసిన మాట లేదు. ఆవిడ తలూపి సంతకం పెట్టింది. గొలుసు కోసం మనిషిని గాయపరిస్తే అది దోపిడీ, శిక్ష ఎక్కువ. తోసిన మాట లేకపోతే స్నాచింగ్‌తో ఆగిపోతుంది. ఒక్క మాట కాగితం మీదికి ఎక్కకపోతే సెక్షనే మారిపోతుందని ఆ రోజు నా కళ్లతో చూశాను. నోరు తెరిచి అడగలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ కేసు ఆ తర్వాత ఏమైందో కూడా నాకు తెలియదు. స్టేషన్ ఇంటర్న్‌షిప్‌లో ఉన్న లోపం అదే. మనకి కనిపించేది కథలో మొదటి పేజీ మాత్రమే, అదీ వాళ్లు చూపించినంత వరకే.

ఇక లీగల్ ఎయిడ్. నా ఓటు దీనికే.

2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై ఐదు మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. లెక్క ప్రకారం 5,73,220 మందిలో 4,34,302 మంది. ఈ అంకె పరీక్షలో మేమందరం రాశాం. దాని అర్థం నాకు తెలిసింది కోర్టు వరండాలో. కావలి వైపు నుంచి వచ్చిన ఒకమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు ఇక్కడ హోటల్ కిచెన్‌లో పనిచేస్తూ ఒక కొట్లాట కేసులో పుళల్ జైలుకి వెళ్లాడు. బెయిల్ వచ్చి పందొమ్మిది రోజులైంది. అయినా పిల్లాడు బయటికి రాలేదు.

కవరులో పొలం పాస్‌బుక్, ఆధార్ కార్డులు ఉన్నాయి. పాస్‌బుక్ పూచీకత్తుకి వచ్చిన మేనమామది; ఆధార్‌లు ఆయనదీ, పిల్లాడిదీ. పాస్‌బుక్ తెలుగులో ఉంది. కోర్టు సిబ్బందికి అది చదవడం రాదు. దానికి తోడు పేర్ల తంటా. మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. బెయిల్ కాగితంలో పిల్లాడి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండేసరికి ఇద్దరూ ఒకరేనని నమ్మించడం కష్టమైంది. నేను వరండాలో కూర్చుని పాస్‌బుక్‌లోని ప్రతి గడినీ తమిళంలోకి రాసి, పేర్ల తేడాకి ఒక వివరణ తయారుచేసి లాయర్ గారికి ఇచ్చాను. ఆయన దాన్ని అఫిడవిట్ చేశారు. నాలుగో రోజు పిల్లాడు బయటికి వచ్చాడు.

ఆ తర్వాత లాయర్ గారు చెప్పిన విషయం విని చాలా బాధపడ్డాను. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి చెప్పాలని, వాళ్లు పారాలీగల్ వాలంటీర్‌ని (లాయర్ కాకపోయినా న్యాయ సహాయంలో తోడ్పడే వాలంటీర్‌ని) పంపవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31నే ఆదేశించింది. స్థానికులే పూచీ ఉండాలన్న షరతు పెట్టకపోవడం మంచిదని కూడా చెప్పింది. ఈ ఆదేశాన్ని నేను అప్పటికే నోట్సులో రాసుకున్నాను. ఆ తల్లి ఎదురుపడే వరకు గుర్తుకు రాలేదు.

పెన్నుకి ఇంత పని దొరికే చోటు క్రిమినాలజీ విద్యార్థికి ఇంకోటి లేదంటాను. అందులోనూ తెలుగు పిల్లలకి. ఇక్కడ హోటళ్లలో, కట్టుబడి పనుల్లో మనవాళ్లు ఎందరో ఉన్నారు. కింది కోర్టుల్లో వ్యవహారం చాలావరకు తమిళంలోనే. సాక్ష్యాన్ని ముద్దాయికి తెలిసిన భాషలో వివరించాలని చట్టం చెబుతోంది గానీ, గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి కదా.

కష్టాలు కూడా చెప్పాలి. డబ్బులేమీ రావు. ఎగ్మూరు కోర్టు నుంచి జార్జ్‌టౌన్ కోర్టుకి, అక్కడి నుంచి పుళల్ జైలుకి బస్సుల్లో తిరగాలి. వాయిదా పడితే రోజంతా వృథా. అన్నిటికంటే పెద్ద టెన్షన్, ఆ కుటుంబాలు మనల్ని లాయర్ అనుకుని "ఎప్పుడొస్తాడమ్మా?" అని అడగడం. తెలియదని చెప్పడం నేర్చుకోవాలి. చట్టపరమైన సలహా మనం ఇవ్వకూడదు. మాట్లాడే తమిళం రాకపోతే నెలరోజుల ముందే మొదలుపెట్టాలి.

ఎస్సై పరీక్ష రాయాలనుకునేవాళ్లు స్టేషన్‌కి వెళ్లడమే సరి, వాళ్లని నేను ఆపను. మిగతావాళ్లు మాత్రం కనీసం రెండు నెలలు ఒకే చోట ఉండండి. పదిహేను రోజుల సర్టిఫికెట్లు మూడు పోగేసుకోవడం కంటే ఒక్క కేసుని రిమాండ్ నుంచి బెయిల్ దాకా చూడటం మంచిది. లెటర్ పెట్టడానికి ముందు ఒక సోమవారం పదిన్నరకి ఎగ్మూరు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోండి. ఎంతమందిని పిలిచారు, ఎంతమందికి లాయర్ ఉన్నారు, ఎంతమందికి వాయిదా పడిందో రాసుకోండి. మామూలు కేసుల్లో కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది.

ఇవన్నీ చెప్తే సూళ్లూరుపేట అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నాకు పాస్‌బుక్ చదవడమే రాదు" అంది. ఈ ఆదివారం వాళ్ల నాన్న దగ్గర కూర్చుని పాస్‌బుక్, అడంగల్ చదవడం నేర్చుకుంటానంది.