అంతర్వేది నుంచి పేరుపాలెం: పంటు ఎక్కాలా, వంతెన దాటాలా?

కాకినాడ నుంచి 216 జాతీయ రహదారి మీద యానాం, అమలాపురం దాటి అంతర్వేది వెళ్తారు. అక్కడి నుంచి పేరుపాలెం బీచ్‌కి పోవాలంటే మధ్యలో వశిష్ఠ గోదావరి అడ్డం. దారులు రెండు: సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనీ, మనుషుల్నీ నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో దిగడం, లేదా మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు నుంచి రావడం.

ఖర్చు: పంటుకి టికెట్. వంతెనకి చుట్టు తిరిగే పెట్రోలు.

సమయం: పంటు దొరికితే నది దాటడం నిమిషాల పని, కానీ రేవులో క్యూ ఎంతుందో ముందే తెలీదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో అయితే ఆ ఆలోచనే వద్దు.

రిస్క్: అసలు టెన్షన్ కారు ఎక్కించేటప్పుడే. పోటు తగ్గితే ర్యాంపు వాలు పెరుగుతుంది, ఎత్తు తక్కువ కార్లకి అడుగు గీసుకుంటుంది. పిల్లల్ని ముందే దింపండి, ఫస్ట్ గేర్‌లో నెమ్మదిగా ఎక్కించండి, ఆగాక హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు. వంతెనకి ఈ బాధలేవీ లేవు.

ఆనందం: నది మధ్యలో ఇంజన్ చప్పుడు, ముఖానికి తడిగాలి. నాకు పంటే ఇష్టం. అయితే దిండి దగ్గర కొబ్బరితోటల నీడలో నడిపే దారీ తక్కువేం కాదు.

పగలు, ఎండాకాలం, బైకు లేదా చిన్న కారు అయితే పంటు. చీకటి పడ్డా, వానాకాలమైనా, పెద్దవాళ్లున్నా, రైలు అందుకోవాలన్నా చించినాడ వంతెన.