మెర్ ద గ్లాస్: డే టూర్‌లో వెళ్తే డబ్బు దండగ

జెనీవా నుంచి ఫ్రాన్స్‌లోని షమొనీకి నడిపే డే టూర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పొద్దున ఎగ్వీ దు మిదీ శిఖరానికి కేబుల్ కారు, మధ్యాహ్నం మెర్ ద గ్లాస్ గ్లేసియర్ (హిమనది), రెండూ ఒకేరోజు కుక్కేస్తారు. గ్లేసియర్ చూసే మోంటెన్వెర్ రైల్వే స్టేషన్ దగ్గర గంట మిగిలితే గొప్ప. పక్కవాళ్లేమో "మంచేది? అన్నీ రాళ్లేగా" అని ముఖాలు ముడుచుకుంటారు. అక్కడ చూడాల్సింది ఆ రాళ్లనే.

మామూలు బస్సులో వెళ్లి, షమొనీలో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే ఎర్ర రైలెక్కండి. ఊటీ రైలుకున్నట్టే దీనికీ మధ్యలో పళ్ల పట్టా ఉంటుంది. 20 నిమిషాల్లో 1,913 మీటర్ల ఎత్తునున్న మోంటెన్వెర్‌కి చేరుస్తుంది. అక్కణ్నుంచి గ్లేసియర్ వైపు దించే గొండోలా (చిన్న కేబుల్ కారు), గ్లేసియర్‌లో తొలిచిన మంచు గుహ కలిపి రానుపోను దాదాపు 40 యూరోలు. గొండోలా ఆపేసే రోజులుంటాయి, టికెట్ కొనేముందే అడగండి. గుహను ఏటా కొత్తగా తొలుస్తారు, పావుగంట సరదా, అంతే.

1988లో పాత గొండోలా కట్టినప్పుడు దాని దగ్గర్నుంచి మంచు మీదికి మూడే మెట్లు. మంచు కుంగేకొద్దీ మెట్లు కలుపుతూ పోయారు, ఐదొందలు దాటాయి. చివరికి 2024లో ఇంకా ఎగువన కొత్త గొండోలా తెరిచారు. పాత దారి పక్కన 1985, 1990, 2001 అంటూ ఆయా ఏళ్లలో మంచు మట్టం ఎక్కడుండేదో పలకలు పెట్టారు.

ఇప్పుడు లోయకి ఎదుటి గోడ చూడండి. పైన పచ్చదనం, ఒక గీత దగ్గర అది ఆగిపోయి, కింద బోడి బూడిదరంగు. పంతొమ్మిదో శతాబ్దంలో మంచు ఉన్న ఎత్తు ఆ గీతే. కింద ఉన్నది మొరైన్: బండలు, గులకరాళ్లు, ఇసుక, మట్టి కలగలిసిన పోగు. మంచు ఉన్నన్నాళ్లూ దానికి ఊత ఉండేది. ఊత పోయాక వానకి నిలువునా కోసుకుపోతుంది, రాళ్లు జారి మంచు మీద పడతాయి. పలచటి ధూళి పడితే ఎండ వేడి పట్టి మంచు త్వరగా కరుగుతుంది. మందంగా రాళ్లు పరుచుకుంటే మాత్రం వేడి లోపలికి దిగక కరగడం నెమ్మదిస్తుంది. గ్లేసియర్ చివరి భాగం రాళ్లగుట్టలా కనిపించేది అందుకే. పర్వతారోహకులు మంచు మీదికి దిగే ఇనప నిచ్చెనలకీ ఆ మెట్ల గతే, కింద కొత్తవి అతుకుతూనే ఉన్నారు.

ద్రూ శిఖరం మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. 2005లో అక్కడో రాతిస్తంభం మొత్తం కూలిపోయింది. బైనాక్యులర్స్ తప్పక పట్టుకెళ్లండి. వాన వెలిసిన రోజు మాత్రం మొరైన్ అంచుకి పోవద్దు, దాని కిందా నిలబడొద్దు.